కోడి కాళ్ల కింది నేల

కోడి చరిత్ర రాసినవాళ్లు దాని జాతి గురించి రాశారు, తెగుళ్ల గురించి రాశారు, పందేల గురించి చాలా రాశారు. పల్నాటి యుద్ధం అనగానే నాయకురాలు నాగమ్మ పుంజు, బ్రహ్మనాయుడి పుంజు గుర్తుకొస్తాయి. ఆ పుంజులు పెరిగిన దొడ్డి మాత్రం ఎవరికీ గుర్తురాదు. ఆ దొడ్డిలో కోడి కాళ్ల కింద ఏముందని ఎవరూ అడగలేదు. పెరటి కోళ్ల పెంపకం మీద మనకు పంచే కరపత్రాల్లోనూ ఈ సంగతికి ఒక్క వాక్యమే దక్కుతుంది: నేల మీద రెండు మూడు అంగుళాల మందాన ఊక పరవాలి, అంతే.

కాట్రేనికోన మండలంలో బతికే మా ఎరుకల కుటుంబాలకు ఆ ఒక్క వాక్యం చాలదు. ఎందుకు చాలదో చెప్పాలంటే మా చరిత్ర కొంత చెప్పాలి. నేల మీద ఏదైనా పరవాలంటే ముందు ఆ నేల మనదని అనుకోగలగాలి. అలా అనుకునే రోజు మాకు చాలా ఆలస్యంగా వచ్చింది.

ముందు అడవి సంగతి చూద్దాం. ఇంటి కోడికి మూలం ఎర్ర అడవికోడి అని డార్విన్ 1868లో రాశాడు. తర్వాత జరిగిన జన్యు పరిశోధనలు కూడా ప్రధానంగా ఆ మాటనే నిలబెట్టాయి. కోడికి పసుపు చర్మం మాత్రం బూడిదరంగు అడవికోడి నుంచి వచ్చిందని 2008లో తేలింది. ఈ రెండు అడవికోళ్లకూ మన గోదావరే దాదాపు సరిహద్దు కావడం మన పిల్లలకు తప్పకుండా చెప్పవలసిన విషయం. నదికి ఉత్తరాన కొండల్లో ఎర్రది, దక్షిణాన బూడిదరంగుది. థాయిలాండులోని బాన్ నాన్ వాట్ అనే చోట దొరికిన ఎముకలు ఇప్పటివరకు కచ్చితంగా ఇంటి కోడివని చెప్పగలిగిన వాటిలో అన్నిటికన్నా పాతవని 2022లో ప్రకటించారు. అవి క్రీస్తుపూర్వం 1650 - 1250 మధ్యవి. వరి, చిరుధాన్యాలు పండించే మెట్ట పొలాల గింజల కోసం అడవికోళ్లు చెట్లు దిగి మనిషి దగ్గరికి వచ్చాయని ఆ పరిశోధకుల అభిప్రాయం. కోడి వచ్చింది మన మీద ప్రేమతో కాదు, గింజ కోసం.

అడవిలో దాని కాళ్ల కింద ఉండేది రాలిన ఆకుల పొర. పైన ఎండుటాకు, దాని కింద సగం చివికినది, ఆ కింద నల్లటి మెత్తటి మన్ను. కోడి రోజంతా ఆ పొరను గీకుతుంది, పురుగు ఏరుకుంటుంది, పొడి మన్నులో ఒళ్లు దులుపుకుంటుంది, పొద్దుగూకగానే చెట్టెక్కుతుంది. వేసిన రెట్టను గాలి, ఎండ, పురుగులు, వాన చూసుకుంటాయి. మర్నాడు కోడి ఇంకోచోట గీకుతుంది. కొండల్లో ఉండే మన కోయ, కొండరెడ్డి అన్నదమ్ముల ఊళ్లలో కోళ్లు ఇప్పటికీ చాలావరకు ఇలాగే తిరుగుతాయి. అక్కడ నేల మీద ఏం పరవాలి అన్న ప్రశ్నే పుట్టదు. చెట్టే పరుస్తుంది.

మా దారి వేరు. మేము గంప వాళ్లం. ఎడ్గర్ థర్స్టన్ 1909లో అచ్చువేసిన దక్షిణాది కులాలు, తెగల సంపుటాల్లో మా వాళ్ల శాఖలకు ఇచ్చిన పేర్లు చూడండి: ఉప్పు ఎరుకల, కరివేపాకు ఎరుకల, దబ్బల ఎరుకల. ఏది మోసుకెళ్లి అమ్మితే, ఏది అల్లితే అదే పేరు. దబ్బ అంటే వెదురు బద్ద. ఆ బద్దలతోనూ ఈత మట్టలతోనూ మా వాళ్లు అల్లిన కోళ్ల గంప కింద పడుకోని కోడి ఈ జిల్లాల్లో ఉండి ఉండదు. ఎవరి ఇంట్లో కోడి పిల్లల్ని చేసినా, గద్ద బారిన, పిల్లి బారిన పడకుండా వాటిని కమ్మింది మా చేతి గంపే.

గంపలో ఒక తెలివి ఉంది. దానికి అడుగు ఉండదు. బోర్లిస్తే అదే గూడు. తెల్లారి ఎత్తి పక్కన పెడితే రాత్రి రెట్ట నేల మీదే ఉండిపోతుంది, ఎండకు ఎండిపోతుంది. రేపు రాత్రికి గంప రెండు బారల అవతల బోర్లుతుంది. ఎల్లుండికి అసలు ఊరే మారుతుంది. ఉప్పు గాడిదల మీద, ఎద్దుల మీద వేసుకుని సముద్రం పక్క నుంచి మెట్టకు, అక్కడి నుంచి ధాన్యం వేసుకుని వెనక్కి తిరిగిన మా పెద్దల బిడారుల్లో కోడికి పరుపు అవసరం రాలేదు. నేల మారడమే దానికి మందు.

ఆ తిరుగుడు ఎలా ఆగిందో మీనా రాధాకృష్ణ అనే చరిత్రకారిణి 2001లో వచ్చిన పుస్తకంలో వివరంగా రాశారు. ఉప్పు మీద దొరతనం వారి పట్టు బిగిసింది, రైలు వచ్చింది, మోసుకెళ్లి అమ్మేవాళ్లకు పని పోయింది. పని పోయి తిరుగుతున్నవాళ్లు దొంగల్లా కనబడ్డారు. 1871లో ఉత్తరాదిన పుట్టిన నేరస్త తెగల చట్టం 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చింది. సాల్వేషన్ ఆర్మీ చేతికి అప్పగించిన స్టువర్టుపురం సెటిల్మెంటు 1913లో మొదలైంది. పేరు పెట్టి పిలిచినప్పుడు హాజరు పలకాలి, చెప్పకుండా ఊరు దాటకూడదు. మద్రాసు రాష్ట్రంలో 1947లో, దేశమంతటా 1952లో ఆ చట్టం పోయింది. ఈ తేదీలు మా పిల్లలకు పాఠ్యపుస్తకంలో దొరకవు గనక ఇక్కడ రాస్తున్నాం.

మనిషిని ఒకచోట కట్టేస్తే అతని కోడి కూడా ఒకచోటే ఉంటుంది. ఇది చిన్న విషయం కాదు. కోడిపిల్లల్ని చంపే రక్త పారుడు జబ్బునే తీసుకోండి. ఆ జబ్బు క్రిమి గుడ్లు రెట్టతో బయటికి వస్తాయి. వచ్చిన వెంటనే అవి హాని చేయవు. తేమ, వెచ్చదనం, గాలి తగిలి ఒకటి రెండు రోజులైతే అప్పుడు ముదిరి జబ్బు తెస్తాయి. రోజూ జరిగే గంప కింద పిల్లకు ఆ ముదిరిన గుడ్లు కొద్దికొద్దిగానే నోటికి పోతాయి, దానికి తట్టుకునే శక్తి వస్తుంది. అదే ముక్కలో నెలల తరబడి పదిహేను కోళ్లు తిరిగితే, ఆ నేల తడిగా ఉంటే, పిల్లలు మూడో వారం నుంచి ముడుచుకు కూర్చుంటాయి. ఊళ్లో అప్పుడు దిష్టి తగిలిందంటారు. తగిలింది నేల.

ఇప్పుడు కాట్రేనికోన నేల గురించి. వృద్ధ గౌతమి సముద్రంలో కలిసే వైపు ఉన్న మండలం ఇది. కుండలేశ్వరం దగ్గర నది, బలుసుతిప్ప దగ్గర మడ అడవి, ఇంకో అంచున సముద్రం. గునపం వేస్తే చాలాచోట్ల లోతు పోకుండానే నీరు ఊరుతుంది, ఆ నీటిలో ఉప్పు ఉంటుంది. ఉప్పు మన్ను గాలిలో తేమను కూడా లాక్కుంటుంది, అందుకే వాన లేని రోజున కూడా తెల్లారేసరికి దొడ్డి చెమర్చి ఉంటుంది. పైగా చుట్టూ రొయ్యల చెరువులు. చెరువు గట్ల మీదికి కోళ్లను రానివ్వరు, రొయ్యలకు జబ్బు మోసుకొస్తాయని వాళ్ల భయం. పక్కింటి తోటకూర మడిలోకి వెళితే గొడవ. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ బయటపడ్డాక కోళ్లను బయట వదలవద్దన్న మాట కూడా తోడైంది. అలా తిరిగే కోడి కాస్తా దడిలోకి చేరింది. మా వాడల్లో ఆ దడి చాలావరకు పాత చేపల వల, నాలుగు సరుగుడు కర్రలు. దడి లోపల ఉన్నది సెంటో, అరసెంటో. పల్లెల్లో ఇంటికి సెంటున్నర చొప్పున స్థలం ఇచ్చిన పథకం 2020 డిసెంబరులో మొదలైంది. సెంటున్నర అంటే డెబ్బై రెండు చదరపు గజాల పైచిలుకు. ఇల్లు కట్టుకోగా మిగిలిన దాంట్లోనే కోళ్లు, నీళ్ల బిందెలు, బట్టలారేసే తీగ, అన్నీ.

ఈ నేల మీద ఏం పరుస్తామన్నది ఈ జిల్లా చరిత్రే చెబుతుంది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది, డెల్టా వరి మడి అయింది. దంపుడు రోజుల్లో ఏ ఇంటి ఊక ఆ ఇంటి పెంటపోగు మీదికే పోయేది. మిల్లులు వచ్చాక ఊక గుట్టలైంది, ధాన్యం బరువులో అయిదో వంతు ఊకే మరి. చాలా ఏళ్లు అది ఊరికే దొరికింది. తర్వాత ఇటుక బట్టీలు, బాయిలర్లు దాన్ని తగలేసుకోవడం నేర్చుకున్నాయి, ఊకకు ధర వచ్చింది. ఊక పరవాలన్న కరపత్రం రాసినవాళ్లకు ఆ ధర కట్టవలసిన పని లేదు. ఊకలో మంచి గుణం పొడిగా ఉండటం, గడ్డకట్టకపోవడం. చెడ్డ గుణం తడిని పెద్దగా పీల్చకపోవడం. పైకప్పు కింద అది బాగానే ఉంటుంది. దడి లోపల ఆకాశం కింద పరిస్తే మొదటి గాలికి సగం, మొదటి వానకు మిగతా సగం పోతుంది.

ఇక్కడ మన ఉపాధ్యాయ మిత్రులకు ఒక విదేశీ సంగతి చెప్పాలి. లిట్టరును తీసిపారేయకుండా మీద మీద వేస్తూ మందం చేసే పద్ధతి, అదే డీప్ లిట్టర్, అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని వూస్టర్ ప్రయోగ కేంద్రంలో కెన్నార్డ్ అనే ఆయన, ఆయన తోటివారు 1940లలో పరీక్షించి ప్రచారం చేసినది. తరచూ మార్చిన కొత్త లిట్టరు మీద కన్నా పాతబడిన లిట్టరు మీద పెరిగిన పిల్లల్లో చావులు తక్కువని వాళ్లు చూశారు. పాత లిట్టరులో సూక్ష్మజీవులు పనిచేస్తాయి, రెట్టను కుళ్లనీయకుండా చివకబెడతాయి. బి12 విటమిన్‌ను 1948లో వేరుచేశాక, ఆ లిట్టరులో అదీ తయారవుతోందని అర్థమైంది. చదివినప్పుడు మాకు నవ్వు వచ్చింది. ఇది అడవి నేలే కదా. పైన ఎండు, మధ్యన చివికినది, కింద నల్లది. షెడ్డులో మళ్లీ కట్టుకున్న అడవి.

అయితే అది పొడి షెడ్డు లోపలి మాట. మా దగ్గర జరిగింది ఏమిటంటే, రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన వనరాజా, గ్రామప్రియ వంటి రంగు కోళ్ల పిల్లలు పల్లెలకు వచ్చినప్పుడు, వాటితో పాటు షెడ్డు సలహా వచ్చింది గాని షెడ్డు రాలేదు. పిల్లలు మంచివే. నాటు కోడి కన్నా త్వరగా ఎదుగుతాయి, ఎక్కువ గుడ్లు పెడతాయి. కాని ఎదిగే కోడి ఎక్కువ తింటుంది, ఎక్కువ తాగుతుంది, ఎక్కువ రెట్ట వేస్తుంది. తడి నేల మీద ఊక చల్లి వాటిని వదిలిన ఇళ్లలో శ్రావణ మాసం దాటేసరికి మిగిలినవి తక్కువ. మా వాళ్లకు కోళ్లు పెంచడం చేతకాదన్న మాట అప్పుడు వినబడింది. వందల ఏళ్లు కోడికి గూడు అల్లి ఇచ్చిన వాళ్లకు ఆ మాట!

అందుకే ఇక్కడి ఆడవాళ్లు ఏళ్ల తరబడి చేసి చూసినదాన్ని వరసగా రాసిపెడుతున్నాం. అసలు పాఠం ఇదీ: పైకప్పు కింద పరిచేది ఒకటి, ఆకాశం కింద పరిచేది ఇంకొకటి. రెంటినీ కలిపితే నష్టమే.

దేనికైనా ముందు మెరక. దొడ్డిని చుట్టుపక్కల నేల కన్నా జానెడు ఎత్తు చేయకుండా ఏది పరిచినా డబ్బు దండగ. ఆ ఎత్తుకు ఏటి ఇసుక మంచిది, సముద్రపు ఇసుక వద్దు, దాని ఉప్పు చెమ్మ లాగుతుంది. ఇసుక నీటిని కిందికి దించేస్తుంది, తొందరగా ఆరుతుంది, కోడికి ఒళ్లు దులుపుకునే చోటూ అవుతుంది. అలబామాలోని ఆబర్న్ విశ్వవిద్యాలయం వారు 1990ల చివర ఇసుకనే లిట్టరుగా వేసి పరీక్షించి బాగుందన్నారు. ఎండాకాలం మధ్యాహ్నం మాత్రం అది కాలుతుంది, మీద నీడ ఉండాలి. (సంక్రాంతికి మూడు రోజుల బరి కోసం ఇసుక పోసి, చదును చేసి, నీళ్లు చల్లడం కోనసీమలో అందరికీ వచ్చు. ఏడాదంతా ఆ పుంజు బతికే చోటు బురదగా ఉన్నా ఎవరికీ పట్టదు. చట్టం ఆ పందెమే వద్దంటోంది, అది వేరే సంగతి.)

ఇసుక మీద, గూడు లోపల, కొబ్బరి పొట్టు. డొక్కల నుంచి పీచు తీశాక మిగిలే గోధుమరంగు పొడి ఇది. పీచు మిల్లుల పక్కన గుట్టలుగా ఉండేది. తన బరువుకు ఆరేడు రెట్లు నీరు పట్టగలదు, అదే దాని బలం, అదే బలహీనత. పట్టిన నీటిని తొందరగా వదలదు. అందుకే ఒక్క పొట్టునే మందంగా వేస్తే వర్షాకాలం చాపలా తడిసి కూర్చుంటుంది. పొడిగా ఉన్నప్పుడు పిల్లల కళ్లలోకి దుమ్ము. ఉప్పునీటిలో నానబెట్టిన డొక్కల పొట్టయితే ముందు మంచినీటితో కడిగి ఆరబెట్టాలి. మా ఆడవాళ్లు దానికి కనిపెట్టిన జోడు సరుగుడు ఆకు. తీరం వెంట తోటల కింద సూదుల్లా రాలి పడి ఉండేది. సూదులు ఒకదాని మీద ఒకటి అడ్డంగా పడి మధ్యలో గాలి నిలుస్తుంది, గడ్డకట్టవు, చివకడానికి నెలలు పడుతుంది. తట్టెడు పొట్టుకు రెండు తట్టల సరుగుడాకు. కోళ్లు దాన్ని గీకి గీకి తామే కలుపుతాయి. మనం చేయవలసిందల్లా వారానికి ఒకసారి కర్రతో తిరగేయడం, చెమ్మ కనబడితే కాస్త గుల్లసున్నం చల్లడం. గుల్లసున్నం ఈ తీరానికి పాత సరుకే, సిమెంటు రాకముందు గోడలకు అదే.

తేమ చూడటానికి పరికరం అక్కరలేదు. లిట్టరు పిడికెడు తీసి గట్టిగా నొక్కి వదలాలి. ఉండలా నిలిచిపోతే తడి ఎక్కువ. దుమ్ములా జారిపోతే మరీ పొడి. నిలిచినట్టే నిలిచి పగుళ్లిచ్చి రాలితే సరిగ్గా ఉంది. పిల్లలు ఉన్నచోట మోకాలి ఎత్తున ముఖం పెట్టి వాసన చూడాలి, మన ఎత్తున నిలబడి కాదు. కళ్లు మండితే కోడికి అప్పటికే మండుతోంది. ఇది అయిదో తరగతి పిల్లలు కూడా చేయగల పరిశీలన. పరిసరాల విజ్ఞానం చెప్పే ఉపాధ్యాయులు దీన్ని వాడుకోవచ్చు.

ఇక ఆకాశం కింద. అక్కడ పొట్టు వేయకూడదు. నీళ్ల తొట్టి చుట్టూ, దడి తలుపు దగ్గర, చూరు నీరు పడేచోట ఎండు కొబ్బరి డొక్కల్ని గుండ్రటి వైపు పైకి ఉండేలా పక్కపక్కన పేరిస్తే బురద కనబడదు. కింద పురుగు చేరుతుంది, అప్పుడప్పుడు డొక్క తిప్పితే కోళ్లకు పండగ. మిగతా చోట పచ్చదనం ఉంచాలంటే గరికను మించినది లేదు. కాని పది కోళ్లు ఒకే ముక్కలో ఉంటే నెలలో గరిక కూడా వేరుతో పోతుంది. దానికి మళ్లీ మా పాత గంప బుద్ధే పనికొచ్చింది: దొడ్డిని వలతో రెండు చేసి, నెల ఇటు, నెల అటు. వదిలిన సగంలో గరిక చిగురిస్తుంది, గలిజేరు, గంగపాయల పుడతాయి, కోడి తింటుంది, మనమూ వండుకుంటాం. అరసెంటులో రెండు భాగాలా అని కొందరు నవ్వారు. అరసెంటు కాబట్టే రెండు భాగాలు. పెద్ద దొడ్డికి ఇంత జాగ్రత్త అవసరం లేదు.

ఎండుగడ్డి గురించి అడుగుతారు. పశువుల మేత, కొనాలి, పైగా ముక్కలు చేయకుండా పరిస్తే అట్టకట్టి బూజు పడుతుంది. రంపపు పొట్టు దొరికితే మంచిదే, మందు పట్టించిన కర్రది కాకుండా చూసుకోవాలి. అంతకు మించి చెప్పవలసింది లేదు.

నీరు వచ్చినప్పుడు ఇవన్నీ పోతాయి, అదీ చెప్పాలి. 1996 నవంబరు 6 సాయంత్రం వచ్చిన తుపానులో ఈ తీరంలో వెయ్యి మందికి పైగా మనుషులే పోయారు, ఇక పశువులు, కోళ్ల లెక్క ఎవరు చూస్తారు. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు కోనసీమ లంకలు మునిగాయి. మునిగిన దొడ్డిలోని లిట్టరును ఎండబెట్టి మళ్లీ వాడదామని ఆశపడకూడదు. మొత్తం తీసేసి, నేలకు ఎండ తగలనిచ్చి, సున్నం చల్లి, మళ్లీ మొదటి నుంచి వేసుకోవాలి. ఇసుక మెరక మాత్రం చాలావరకు నిలుస్తుంది. అలాంటి రాత్రుల్లో కోళ్లను బతికించింది గంపే. రెండు గంపలు మూతి మూతి కలిపి కట్టి, లోపల కోళ్లతో అటక మీదికి ఎక్కించవచ్చు. వల దడిని ఎక్కించలేం.

కోడి డబ్బు ఆడవాళ్ల డబ్బు. పుంజు అమ్మిన డబ్బు మగవాళ్ల చేతికి పోయినా, గుడ్ల డబ్బు, పెట్టల డబ్బు బడి పుస్తకాలకీ, జ్వరం మాత్రలకీ ఖర్చవుతుంది. ఎవరినీ అడగకుండా ఖర్చుపెట్టగల డబ్బు మా ఇళ్లలో అదొక్కటే. అందుకే ఇసుక మోసేదీ, సరుగుడాకు ఊడ్చి తెచ్చేదీ వాళ్లే. ఇప్పుడు తోటల్లో ఆకు ఊడ్చనివ్వడం కూడా తగ్గింది, సరుగుడు ప్రైవేటు తోటలయ్యాక ఆకు కూడా వాళ్లదే అంటున్నారు. ఊకకు జరిగినట్టే దీనికీ ధర కట్టే రోజు దూరం లేదు.

ఏడాది చివర, ఎండలు ముదిరాక, లిట్టరు తీస్తారు. అప్పటికి అది నల్లగా, పొడిగా, వాసన లేకుండా ఉంటుంది. కొబ్బరి మొక్క మొదట్లో వేయడానికి అంతకన్నా మంచి ఎరువు ఉండదు. పట్టా ఉన్న ఇంటివాళ్లు దొడ్డి మూల ఒక మొక్క పెట్టుకుని దానికే వేస్తున్నారు. కాలవ గట్టు మీద, పోరంబోకులో ఉన్నవాళ్లు మొక్క పెట్టరు. కాపుకు అయిదారేళ్లు పడుతుంది, అన్నాళ్లు అక్కడ ఉండనిస్తారో లేదో తెలియదు. వాళ్లు ఆ ఎరువును పాత బియ్యం సంచుల్లోకి ఎత్తి, ఎవరో ఒకరి కొబ్బరి తోటకు సంచి లెక్కన అమ్ముతున్నారు.